తాత పేరున నిలిచిపోయిన భూమి

మా ఊళ్ళో మనిషి చనిపోతే ఏం చేయాలో ప్రతి ఇంటికీ తెలుసు. కబురు ఎవరికి ముందు పంపాలో, డోలు ఎవరు పట్టాలో, దినాల నాడు ఏ వరస వాళ్ళు ఏం తేవాలో ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు. ఈ పనిలో చదువు రానివాడు కూడా పొరపాటు చేయడు. దినాలు అయిపోయాక మొదలయ్యే రెండో పనిలో మాత్రం చదువుకున్నవాళ్ళం కూడా తడబడతాం. అది కాగితం పని. పోయినవాడి పేరున ఉన్న భూమిని బతికినవాళ్ళ పేరున రాయించుకునే పని.

నేను సెకండరీ గ్రేడు టీచరుని. టీటీసీ చేసి ఇరవై ఏళ్ళుగా ఏజెన్సీ ప్రాథమిక పాఠశాలల్లో పని చేస్తున్నాను. మన దగ్గర టీచరంటే పాఠాలు చెప్పేవాడే కాదు, ఊరికి అర్జీలు రాసేవాడు కూడా. ఈ సంగతి తోటి ఉపాధ్యాయులకు నేను చెప్పక్కర్లేదు. ఎన్ని వారసత్వ అర్జీలు రాశానో నాకు లెక్క లేదు. వాటిలో ఒకటి మా ఇంటిదే. దాన్ని తప్పు రాశాను. తెలియక కాదు, తెలిసే రాశాను. ఆ తప్పు చెప్పుకోవడానికీ, దాని వెనక ఉన్న చరిత్ర మన పిల్లలకు చెప్పడానికీ ఈ వ్యాసం.

పట్టాకు ముందు

మాది శబరి ఒడ్డు. మేం కోయలం. మా తాతల తాతల కాలంలో వారసత్వం అంటే ఇప్పుడు మనం అనుకునే అర్థం లేదు. పోడు కొట్టిన చోట రెండు మూడేళ్ళు పండించి, ఆ నేలను అడవికి వదిలి మరో చోటికి పోయేవాళ్ళు. కొండ ఊరిది. ఊరంటే గట్టు, ఇంటిపేరు, వేల్పు. ఒక మనిషి చనిపోతే అతను వదిలిపోయేది గొడ్డలి, విల్లు, పశువులు, వెండి కడియాలు, కల్లు గీసే తాటిచెట్లు. తాటిచెట్లు కొడుకులు పంచుకునేవాళ్ళు. కొండను మాత్రం ఎవరూ పంచుకోలేదు. కొండ మీద పని చేసుకునే హక్కు ఆ ఊళ్ళో బతికే ప్రతి ఇంటికీ ఉండేది.

ఆడపిల్ల పెళ్ళి చేసుకుని వేరే గట్టు వాళ్ళ ఊరికి పోతే అక్కడి కొండ ఆమెది. భర్త పోయి పుట్టింటికి తిరిగొస్తే ఇక్కడి కొండ ఆమెది. మారుమనువు చేసుకుంటే మూడో చోటి కొండ ఆమెది. ఇల్లరికం వచ్చిన అల్లుడు కూడా మామ ఊరి కొండ మీద పోడు కొట్టుకున్నాడు. “ఆడపిల్లకు భూమిలో వాటా లేదు, ఇది మన ఆచారం” అని మన పెద్దలు అంటారు. ఆ మాట నిజమే. అయితే ఆ రోజుల్లో మగపిల్లవాడికీ భూమిలో వాటా లేదు. వాటా వేయడానికి ఎవరి పేరునా భూమి లేదు. ఇది మనం గుర్తుపెట్టుకోవలసిన మొదటి సంగతి.

సర్కారు పేరు అడిగింది

ఈ ప్రాంతం చేతులు మారిన తీరు చూడండి. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు నైజాం నుంచి 1860లో ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాయి. మొదట సెంట్రల్ ప్రావిన్సులలో ఉంచారు. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. అదే 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం వచ్చింది. మైదానంలో నడిచే చట్టాలూ కోర్టులూ కొండ ప్రాంతంలో అలాగే నడవవని, ఇక్కడ ఏజెంటుగా కలెక్టరు చెప్పిందే చెల్లుతుందని దాని సారాంశం. అంతకు ముందే 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకు ఇలాంటి చట్టం చేశారు. ఏజెన్సీ అనే మాట మనకు అలా వచ్చింది.

1917లో ఏజెన్సీ భూముల బదిలీ చట్టం వచ్చింది. కొండజాతుల వాళ్ళ భూమి బయటివాళ్ళకు పోవాలంటే ఏజెంటు అనుమతి ఉండాలంది. షావుకార్లు అప్పు కింద భూములు రాయించుకుంటుంటే, తిరుగుబాట్లు వస్తుంటే చేసిన చట్టం అది. 1924లో ఏజెన్సీ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం సివిలు తగాదాలు తీర్చేది కూడా రెవెన్యూ అధికారులే. తహసీల్దారే ఏజెన్సీ మునసబు. ఆ పైన డివిజను అధికారి, ఆ పైన ఏజెంటు. మైదానంలో తండ్రి ఆస్తి తగాదా జిల్లా మునసబు కోర్టుకు పోతే, మన దగ్గర శిస్తు వసూలు చేసే ఆఫీసుకే పోయేది.

స్వతంత్రం వచ్చాక 1959లో ఒకటో రెగ్యులేషను వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకు కూడా వర్తింపజేశారు. 1970లో దాన్ని గట్టిపరిచారు. మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునే చట్టం ఇదే. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి ఎవరిదైనా సరే, గిరిజనుడికి తప్ప మరొకరికి బదిలీ చేస్తే చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో భూమి కనిపిస్తే, కాదని అతను రుజువు చేసేదాకా అది గిరిజనుల నుంచి వచ్చిందనే అనుకోవాలి. ఇంత గట్టి చట్టంలో కూడా ఒక చిన్న సందు ఉంది. బదిలీ అంటే ఏమిటో చెప్పే చోట అమ్మకం, తనఖా, కౌలు, దానం, మారకం అన్నీ పెట్టారు గాని, వీలునామాను ఆ మాటలోంచి తప్పించారు. అంటే చనిపోయేవాడి వేలిముద్ర మీద జాగ్రత్త మనదే. మంచం పట్టిన ముసలివాళ్ళ దగ్గరికి తెల్లకాగితంతో ఎవరైనా వస్తే ఇంట్లో చదువుకున్న పిల్లలు పక్కనే ఉండాలనడానికి కారణం ఇదే.

సరిగ్గా అదే కాలంలో 1969, 1970 రెగ్యులేషన్లు ముఠాలనూ మహళ్ళనూ రద్దు చేసి, ఏజెన్సీలో రైతువారీ సెటిల్మెంటు తెచ్చాయి. సర్వేవాళ్ళు గొలుసులు పట్టుకుని ఊళ్ళోకి వచ్చారు. “ఈ చేను ఎవరిది?” అని అడిగారు. ఇంటి పెద్ద పేరు చెప్పారు. అది రాసుకున్నారు. ఇంట్లో అందరూ కలిసి చదును చేసిన నేల ఒక్క మగవాడి పేరున పట్టా అయింది. తప్పు ఎవరిదీ కాదు. ఆ కాగితంలో ఒక్క పేరుకే చోటు ఉంది.

అలా మా తాత పేరున 5 ఎకరాల 40 సెంట్లు పట్టా వచ్చింది. అప్పటినుంచి మా ఇంట్లో వాటా అనే మాట పుట్టింది. ఆచారం పట్టా కంటే పాతదే. కాని పట్టా భూమి మీద మనం పెట్టిన ఆచారం వయసు పట్టా వయసే. మా ఇంట్లో అయితే యాభై ఏళ్ళు కూడా సరిగ్గా లేవు.

ఎనభై ఆరు వరద మరుసటేడు

మా తాత ఎప్పుడు చనిపోయాడు? ఈ ప్రశ్నకు మా ఇంట్లో జవాబు “ఎనభై ఆరు వరద వచ్చిన మరుసటేడు ఎండాకాలం”. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు ఎక్కింది. శబరి వెనక్కి తన్నింది. మా వైపు ఊళ్ళలో వయసులూ పెళ్ళిళ్ళూ చావులూ అన్నీ ఆ వరదకు ముందా తర్వాతా అనే లెక్కలోనే ఉంటాయి. ఆఫీసుకు ఆ లెక్క పనికిరాదు. తేదీ కావాలి, కాగితం కావాలి.

జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చింది. చావు జరిగిన 21 రోజుల్లో చెప్తే ఉచితంగా రాసుకుంటారు. 30 రోజుల దాకా కొద్ది రుసుము. ఆ తర్వాత ఏడాది లోపు అయితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు అధికారం ఉన్నవారి ఉత్తర్వు కావాలి. తాత పోయిననాడు మా నాన్నకు ఈ చట్టం ఒకటి ఉందని చెప్పినవాళ్ళు లేరు. ఊరి కరణం ఉద్యోగం 1984లో రద్దయింది. మండలాలు 1985లో వచ్చాయి. కొత్త ఆఫీసు ఎక్కడుందో ఊరికి తెలిసేలోపే తాత పోయాడు. భూమి ఎటూ పోలేదు కదా, మనమే దున్నుకుంటున్నాం కదా అని నాన్న, చిన్నాయన ఊరుకున్నారు. నోటిమాటతో చెరి సగం పంచుకున్నారు.

ఈ లోపల ఊరు కదలకుండానే జిల్లాలు మారాయి. మా తాలూకా 1959లో ఖమ్మం జిల్లాకు పోయింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలతో పాటు తూర్పు గోదావరికి వచ్చింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. తాత పట్టా ఒక జిల్లాలో పుట్టింది, నాన్న చావు ఇంకో జిల్లాలో నమోదైంది, మా పాసు పుస్తకం కూడా అక్కడే వచ్చింది. పాత సెటిల్మెంటు రికార్డు నకలు కోసం ఎక్కడికి పోవాలో చెప్పేవాడు కరువయ్యాడు. ముంపు ఊళ్ళలో పరిహారం లెక్కలు కట్టేటప్పుడు ఈ బాధ ఎంతమంది పడ్డారో మా వైపువాళ్ళకు తెలుసు. దున్నేవాడు ఎదురుగా నిలబడి ఉన్నా, రికార్డులో పేరు ముప్పై ఏళ్ళ కింద పోయినవాడిది.

నాన్న 2018 వానాకాలంలో పోయాడు. మరుసటేడు రైతు భరోసా వచ్చింది. పాసు పుస్తకం ఉన్నవాళ్ళ ఖాతాల్లో డబ్బులు పడ్డాయి. మాకు పడలేదు. రికార్డులో రైతు మా తాత. అప్పుడు చిన్నాయన నా దగ్గరికి వచ్చి, “నువ్వు ఊరందరికీ రాసి పెడతావు, మనది నువ్వే రాయి” అన్నాడు.

నేను రాసిన తప్పు

పని ఇలా నడుస్తుంది. ముందు మరణ ధ్రువపత్రం. తాత చావుకు ఊళ్ళో ఇద్దరు ముసలివాళ్ళ వాంగ్మూలం, పంచాయతీ కాగితం పెట్టి, డివిజను ఆఫీసు చుట్టూ అయిదారు సార్లు తిరిగి ఉత్తర్వు తెచ్చాను. తర్వాత కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. దానికి వంశవృక్షం రాయాలి. పోయినవాడికి భార్య ఎవరు, పిల్లలు ఎవరు, వాళ్ళలో ఎవరు పోయారు, వాళ్ళ పిల్లలు ఎవరు, అన్నీ రాసి సాక్షులతో సంతకాలు పెట్టించాలి. ఆ రెండూ జతచేసి పట్టా మార్పిడికి అర్జీ పెట్టాలి. 1971 నాటి భూమి హక్కుల చట్టం ప్రకారం వారసత్వంగా హక్కు వచ్చినవాళ్ళు 90 రోజుల్లో తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలపాలి. ఆయన నోటీసు ఇచ్చి, అభ్యంతరాలు విని, రికార్డు మార్చాలి. నచ్చనివాళ్ళు డివిజను అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

తాతకు ముగ్గురు పిల్లలు. పెద్దది మా మేనత్త, తర్వాత నాన్న, తర్వాత చిన్నాయన. వంశవృక్షం రాసేటప్పుడు చిన్నాయన అన్నాడు, “అక్క వేరే గట్టుకు పోయింది. ఆమె పేరు రాస్తే సంతకానికి ఆమె రావాలి, ఆమె కొడుకులు ఊరుకోరు. మనిద్దరివి రాస్తే చాలు.” ఊరి పెద్ద కూడా తల ఊపాడు. నేను రాయలేదు. విచారణకు వచ్చిన ఉద్యోగి “ఆడపిల్లలు ఉన్నారా?” అని అడిగాడు. చిన్నాయన లేరన్నాడు. నేను నేల చూశాను. తరగతిలో పిల్లలకు రోజూ నిజం చెప్పాలని చెప్పే నోరు ఆ పూట తెరుచుకోలేదు.

నోటీసు పంచాయతీ గోడ మీద అంటించారు. అది ఎవరో చదివి శబరి అవతలకు కబురు చేర్చారు. వారం తిరక్కుండా అత్త పడవ దాటి వచ్చింది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. ఇంట్లోకి రాలేదు, వాకిట్లోనే నిలబడింది.

“అల్లుడా, నా పేరెందుకు లేదు?”

“అత్తా, అది భూమి కాగితం. నీకు అక్కడ ఉంది కదా అని...”

“భూమి సంగతి తర్వాత. మా అయ్యకు ఎవరెవరు పుట్టారో రాసిన కాగితమంట కదా అది. నేను పుట్టలేదా?”

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళుగా ఊరికి నేను రాసిపెట్టిన వంశవృక్షాల్లో ఎన్నింట్లో ఆడపిల్లల పేర్లు లేవో ఆ రాత్రి లెక్కపెట్టుకున్నాను. ఎవరూ నన్ను తప్పు రాయమని బెదిరించలేదు. అలవాటుగా వదిలేశాం, అంతే.

మరునాడు ఆఫీసుకు పోయి ఆ అర్జీ వెనక్కి తీసుకున్నాను. కొత్త వంశవృక్షంలో ముగ్గురి పేర్లూ రాశాను. చిన్నాయన సంతకం పెట్టనన్నాడు. తగాదా ఉంటే కోర్టులో తేల్చుకోమని ఆఫీసులో చెప్పారు. కోర్టు దాకా పోయే డబ్బు ఎవరికీ లేదు. చింతచెట్టు కింద ఊరు రెండు రాత్రులు కూర్చుంది. చివరికి అత్త తానే మాట చెప్పింది. ముగ్గురి పేర్లూ రాయాలి. ఆమె భాగంగా వాగు పక్కన 60 సెంట్లు, అందులోని నాలుగు తాటిచెట్లు చాలు. మిగతాది తమ్ముళ్ళ ఇళ్ళకు వదులుకుంటున్నట్టు రాసి ఇస్తుంది. అలాగే అయింది. పాసు పుస్తకాలు రావడానికి 2021 దాకా పట్టింది. ఆ 60 సెంట్లు ఇప్పుడు అత్త కూతురు చేసుకుంటున్నది. భర్త పోయి, ఇద్దరు పిల్లలతో ఉన్న మనిషి. చిన్నాయన పండగలో నా పక్కనే కూర్చుంటాడు గాని మా ఇంటికి రాడు.

ఏ చట్టం మనది?

అప్పుడు నాకు పుట్టిన ప్రశ్న ఇది: అత్తకు చట్టం ప్రకారం వాటా ఉందా? వెతికితే తెలిసింది, జవాబు సూటిగా లేదు.

1956 హిందూ వారసత్వ చట్టం కొడుకుతో పాటు కూతురికీ తండ్రి ఆస్తిలో హక్కు ఇచ్చింది. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో కూడా కూతురికి సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టాన్ని సవరించింది. 2005లో కేంద్రం దేశమంతటికీ అదే చేసింది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఇది గొప్పగా చెప్తాం. చెప్పాలి కూడా. అయితే ఆ చట్టంలో రెండో సెక్షను రెండో ఉపసెక్షను ఒకటి ఉంది. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు ఈ చట్టం వర్తించదు. కనుక 1956 గాని, 1986 గాని, 2005 గాని మా అత్త దాకా రాలేదు. మనకు చెల్లేది మన ఆచారం.

ఈ మినహాయింపు మన మేలు కోరి పెట్టిందే. మన పద్ధతులను బయటి చట్టం తుడిచేయకూడదని. దాని నీడలోనే ఆడపిల్లలు ఉండిపోయారు. ఈ మాట మీద మన ఆడవాళ్ళే కోర్టుకు పోయారు. అప్పటి బీహారులోని సింగ్‌భూం హో తెగ స్త్రీల తరపున వేసిన మధు కిష్వర్ కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మగ వారసులకే భూమి ఇచ్చే ఛోటానాగపూర్ కౌలు చట్టం సెక్షన్లను కొట్టివేయలేదు. కాని భర్త, తండ్రి పోయాక ఆ భూమి మీద ఆధారపడి బతికే స్త్రీలను వెళ్ళగొట్టకూడదంది. న్యాయమూర్తి కె. రామస్వామి మాత్రం స్త్రీలకు సమాన హక్కు ఉండాలని వేరుగా రాశారు. 2022 డిసెంబరులో కమలా నేతి కేసులో హిందూ వారసత్వ చట్టం గిరిజన స్త్రీకి వర్తించదని చెప్తూనే, ఆ మినహాయింపును మార్చే విషయం ఆలోచించమని కోర్టు కేంద్రానికి సూచించింది.

2025 జులైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో మరో తీర్పు వచ్చింది. తాత ఆస్తిలో తల్లి భాగం కోసం ఆమె పిల్లలు వేసిన కేసు అది. కింది కోర్టులన్నీ “కూతురికి వాటా ఇచ్చే ఆచారం ఉందని మీరు రుజువు చేయలేదు” అని కొట్టేశాయి. సుప్రీంకోర్టు ఆ ప్రశ్నను తిప్పింది. కూతురికి వాటా లేదనే ఆచారాన్ని అవతలివాళ్ళు రుజువు చేశారా? చేయలేదు. ఆచారం ఏదీ రుజువు కానప్పుడు న్యాయం, సమానత్వం చూడాలి. కనుక ఆమెకు సమాన వాటా. అదే ఏడాది అక్టోబరులో హిమాచల్ కేసులో, హిందూ వారసత్వ చట్టాన్నే తెగలకు వర్తింపజేయడం కుదరదని కోర్టు మళ్ళీ చెప్పింది. రెండూ కలిపి చదివితే అర్థం ఇది: మైదానం చట్టం మన మీదకు రాదు, కాని ఆచారం పేరు చెప్పి ఊరికే నోరు మూయించడమూ ఇక కుదరదు. ఆచారం ఏమిటో మనమే చెప్పాలి, చూపించాలి.

అటవీ హక్కుల చట్టం ఇంకో దారి చూపించింది. 2006 నాటి ఈ చట్టం కింద వచ్చిన భూమి వారసులకు పోతుంది, అమ్మడానికి మాత్రం లేదు. పెళ్ళయినవాళ్ళయితే పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. నేరుగా వారసులు లేకపోతే దగ్గరి బంధువుకు పోతుంది. 1970లలో ఒక్క పేరుకే చోటున్న కాగితం ఇప్పుడు రెండు పేర్లకు చోటిచ్చింది. అయినా మా చుట్టుపక్కల నేను చూసిన ఆర్వోఎఫ్ఆర్ పట్టాల్లో ఒక్క మగవాడి పేరే ఉన్నవి కొన్ని ఉన్నాయి. మీ ఇంటి పట్టా తీసి చూడండి.

పెద్దల భయం

మన పెద్దలు కూతురి వాటాను కాదనడం ఆశ వల్లే అని నేను అనను. వాళ్ళకు ఒక భయం ఉంది. ఆడపిల్ల బయటివాడిని చేసుకుంటే ఆ భూమి బయటివాడి చేతికి పోతుందనే భయం. అది ఉత్తి భయం కాదు. వన్ ఆఫ్ సెవెంటీని తప్పించుకోవడానికి మన ఆడపిల్ల పేరును వాడుకున్నవాళ్ళను మనం చూశాం. అయితే అన్నదమ్ములు సారాకూ అప్పుకూ చేలు తాకట్టు పెట్టి పోగొట్టుకోవడమూ చూశాం. భూమి బయటికి పోయిన దారులు లెక్కపెడితే కూతుళ్ళ దారి చిన్నది. భూమిని కాపాడాలంటే కూతురి పేరు కొట్టేయడం కాదు, కూతురికి ఇచ్చిన వాటా తెగ దాటిపోకూడదని ఊరంతా కలిసి రాసుకోవాలి.

రాసుకునే అధికారం మనకు ఉంది. 1996 నాటి పేసా చట్టం మన ఆచారాలను, తగాదాలు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని ఒప్పుకుంది. 2011లో ఆంధ్రప్రదేశ్‌లో దానికి నియమాలు కూడా వచ్చాయి. మన ఊళ్ళో వారసత్వం ఎలా నడుస్తుందో, విధవకు ఏముంది, ఇల్లరికపు అల్లుడికి ఏముంది, తిరిగొచ్చిన కూతురికి ఏముంది అనేది గ్రామసభలో ఆడవాళ్ళు కూడా కూర్చుని మాట్లాడి తీర్మాన పుస్తకంలో ఎక్కిస్తే, రేపు ఆఫీసులోనైనా కోర్టులోనైనా చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. లేకపోతే మన ఆచారం ఏమిటో మనకు తెలియని వకీలు చెప్తాడు.

చేయవలసిన పనులు

యువకులకూ తోటి ఉపాధ్యాయులకూ నా అనుభవం మీద నాలుగు మాటలు.

ఇంట్లో చావు జరిగితే 21 రోజుల్లో పంచాయతీలో నమోదు చేయించండి. దినాల పనికి కూర్చున్నప్పుడే ఈ పని ఎవరిదో నిర్ణయించండి. మరణ ధ్రువపత్రంలో పేరు, పట్టాలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో చూడండి. ఇంటిపేరు ఒక అక్షరం మారినా నెలలు తిరగాలి.

కుటుంబ సభ్యుల పత్రం బంధుత్వాన్ని మాత్రమే చెప్తుంది, వాటాలు పంచదు. దాంట్లో ఒకరి పేరు రాసినంత మాత్రాన భూమి అంతా వాళ్ళకు పోదు. పేరు తీసేస్తే మాత్రం మనిషే లేకుండా పోతుంది. కనుక అందరి పేర్లూ రాయండి. వాటాల సంగతి తర్వాత కూర్చుని మాట్లాడుకోవచ్చు.

బ్యాంకులో డబ్బుంటే నామినీ వేరు, వారసుడు వేరు. నామినీ సొమ్ము అందుకుంటాడు, అది వారసులందరిదీ. నామినీ లేకపోతే, మొత్తం పెద్దదైతే కోర్టు నుంచి వారసత్వ పత్రం అడుగుతారు. ఆ పత్రం డబ్బుకే గాని భూమికి పనికిరాదు. పట్నంలో ప్రొబేట్ అనే మాట వింటుంటాం. అది వీలునామాను కోర్టులో రుజువు చేసుకునే పద్ధతి. వీలునామాలు రాయని మన ఇళ్ళకు దాంతో పని పడదు. మన పని తహసీల్దారు ఆఫీసులోనే ఎక్కువ.

తెలంగాణ వైపు మన బంధువులు దీన్ని ఫౌతీ, విరాసత్ అంటారు. అక్కడ 2020లో ధరణి వచ్చింది, వీఆర్వో ఉద్యోగం పోయింది. 2025లో భూభారతి వచ్చింది. కాగితం పేరు, కంప్యూటరు పేరు మారుతూ ఉంటాయి. అడిగే ప్రశ్న మాత్రం అదే: పోయినవాడికి ఎవరెవరు ఉన్నారు?

అత్త పోయినేడు చనిపోయింది. ఆమె పిల్లలు నా దగ్గరికే వచ్చారు. ముగ్గురు కూతుళ్ళు, ఒక కొడుకు. నలుగురి పేర్లూ వయసు వరసలో రాశాను. కొడుకు పేరు చివర వచ్చింది. అతను చదివి చూసి ఏమీ అనలేదు, సంతకం పెట్టాడు.

ఇప్పుడు మా బడిలో ప్రతి ఏడాది అయిదో తరగతి పిల్లల చేత వాళ్ళ ఇంటి వంశవృక్షం రాయిస్తున్నాను. కుటుంబం పాఠం చెప్పేటప్పుడు అది ఒక పనిగా పెట్టుకున్నాను. ఇంటికి పోయి అవ్వనూ తాతనూ అడగాలి, పోయినవాళ్ళవి, పెళ్ళయి వెళ్ళినవాళ్ళవి అందరి పేర్లూ తేవాలి. మొదట్లో పిల్లలు అత్తల పేర్లు తెచ్చేవాళ్ళు కాదు. “వాళ్ళు మన ఇంటోళ్ళు కాదు సార్” అనేవాళ్ళు. మళ్ళీ ఇంటికి పంపేవాణ్ణి. ఆ కాగితాలన్నీ బడి బీరువాలో దాచాను. రేపు ఎవరింట్లో చావు జరిగినా అందులోంచి ఒకటి తీసి చూడవచ్చు. ఈ పని ప్రతి ఏజెన్సీ బడిలోనూ చేయవచ్చు. దీనికి నిధులు అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక తెల్లకాగితం, పెన్సిలు ఉంటే చాలు.